1938 వేసవిలో చుట్టాల ఊరికి

(గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాశాం. చెప్పిందే మళ్ళీ చెప్పిన చోట్ల మాత్రం కొంచెం కత్తిరించాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్ళకి వినబడుతోందా? సరే.

ఈ రోజు మూడు నిమిషాల సినిమా ఒకటి పట్టుకుని గంటసేపు మాట్లాడబోతున్నాను. కంగారు పడకండి, మధ్యలో టీ ఉంది. సినిమా అంటే హాళ్ళలో ఆడింది కాదు. అమెరికాలో ఉండే ఒక యూదు కుటుంబం 1938 ఆగస్టులో పోలండ్‌లోని సొంత ఊరికి వెళ్ళి, చేతి కెమెరాతో తీసుకున్న బొమ్మలు. శబ్దం లేదు, కథ లేదు. జనం కెమెరా ముందుకొచ్చి నవ్వుతుంటారు, అంతే.

ఆయన పేరు డేవిడ్ కర్ట్జ్, ఆవిడ లీజా. డేవిడ్ పుట్టింది నాషెల్స్క్ అనే చిన్న పట్నంలో. వార్సాకి ఉత్తరాన, ఓ యాభై కిలోమీటర్లు ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లాడిగా ఉండగా, 1892లో, ఇంట్లోవాళ్ళు అమెరికా తీసుకెళ్ళిపోయారు. న్యూయార్క్‌లో పెరిగాడు, బట్టల వ్యాపారంలో నిలదొక్కుకున్నాడు, బ్రూక్లిన్‌లో స్థిరపడ్డాడు. యాభై ఏళ్ళు వచ్చాక భార్యతో, కొందరు స్నేహితులతో కలిసి యూరప్ యాత్రకి బయల్దేరాడు. ఓడలో వెళ్ళి ఇంగ్లండ్, ఫ్రాన్స్, హాలండ్, బెల్జియం, స్విట్జర్లాండ్ అన్నీ తిరిగారు. వాటి మధ్యలో పోలండ్. యాత్ర మొత్తం మీద తీసింది పధ్నాలుగు నిమిషాలు, అందులో పోలండ్ వాటా మూడు.

ఎందుకంత తక్కువ అంటే, ఆ రోజుల్లో 16 ఎం.ఎం. రీలు వంద అడుగులుండేది. అప్పటి మూకీ కెమెరాల వేగంలో తిప్పితే నాలుగు నిమిషాలకే అయిపోయేది. ప్రతి సెకనూ ఖర్చే. అందులోనూ కొడాక్రోమ్ అనే రంగుల ఫిల్మ్ 1935లోనే బజారులోకి వచ్చింది, ఖరీదైన సరుకు. దాన్ని ఇంట్లో కడుక్కోవడం కుదరదు, కంపెనీకే పంపాలి. ఎక్కువ భాగం అలాంటి ఫిల్మ్‌లోనే మూడు నిమిషాలు ఒక చిన్న ఊరి సందుల మీద ఖర్చుపెట్టాడంటే మనిషికి మనసు ఎక్కడుందో అర్థమవుతుంది. ప్యారిస్‌ని అందరూ తీస్తారు. నాషెల్స్క్‌ని ఎవరు తీస్తారు?

మనలో చాలామందికి ఇది తెలిసిన సీనే. తొంభైల్లో అమెరికా నుంచి వచ్చిన బాబాయి హ్యాండీక్యామ్ భుజాన వేసుకుని ఊళ్ళో తిరిగితే ఎలా ఉండేది? పిల్లలందరూ వెనకాలే. ఎవడికి వాడు మిగతా వాళ్ళని తోసేసి ముందుకి రావడం, పెద్దాయనెవరో వాళ్ళని కసిరి తాను ముందు నిలబడటం, ఆడపిల్లలు గుమ్మం దగ్గరే ఆగి తొంగిచూడటం. అక్కడా సరిగ్గా అదే. ఒక కుర్రాడు ఫ్రేములోంచి బయటికి పోతాడు, మళ్ళీ అటువైపు నుంచి పరిగెత్తుకొస్తాడు. గెంతుతాడు, ముందున్నవాడి తల అడ్డం వస్తోందని. సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, దాని తలుపుల్లోంచి జనం బయటికొస్తుంటారు. ఆ తలుపు మీద చెక్కిన సింహం బొమ్మలున్నాయి. వాటిని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం.

వాళ్ళ తలల మీద టోపీలు చూడండి. టోపీ తీరుని బట్టి ఎవరింట్లో ఎంత ఆచారం ఉందో, ఎవరికి కాస్త డబ్బుందో ఆ ఊరివాళ్ళు ఇట్టే చెప్పేసేవాళ్ళు. మామూలుగా కలిసి ఆడుకోని పిల్లలు ఆ రోజు కెమెరా కోసం కలిసిపోయారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 1938 ఆగస్టు అంటే ఏ కాలం? ఆ ఏడాది మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని మింగేశాడు. వియన్నాలో యూదుల చేత మోకాళ్ళ మీద కూర్చోబెట్టి వీధులు తోమించారు. జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని యూదు శరణార్థుల గురించి తొమ్మిది రోజులు చర్చించాయి. జాలి అందరూ చూపించారు. పెద్ద సంఖ్యలో రానిస్తామని అన్నది డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే. ఆగస్టు నాటికి చెకోస్లొవేకియా మీద గొడవ ముదిరి, యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది. సెప్టెంబరు చివర్న మ్యూనిక్‌లో ఆ దేశాన్ని కోసి హిట్లర్‌కి ఇచ్చారు.

పోలండ్‌లో కూడా పరిస్థితి చల్లగా ఏం లేదు. అక్కడ యూదులు దాదాపు 33 లక్షలు, జనాభాలో పదో వంతు. 1935లో దేశాన్ని నడిపిన నాయకుడు పిల్‌సుడ్‌స్కీ పోయాక ప్రభుత్వం రంగు మారింది. 1936 మార్చిలో ప్షితిక్ అనే ఊళ్ళో యూదుల మీద దాడి జరిగి చావులయ్యాయి. అదే ఏడాది ప్రధానమంత్రి పార్లమెంటులో నిలబడి, యూదుల్ని కొట్టడం తప్పుగానీ వాళ్ళతో ఆర్థిక పోరాటం చేయండి, తప్పులేదు అన్నాడు. దుకాణాల బహిష్కారానికి అంతకంటే ఏం కావాలి? 1937 నుంచి విశ్వవిద్యాలయాల్లో యూదు విద్యార్థులకి విడిగా బెంచీలు. యూదుల పద్ధతిలో పశువుల్ని కోయడం మీద ఆంక్షలు. 1938 మార్చి 31న ఇంకో చట్టం: ఐదేళ్ళకి మించి విదేశాల్లో ఉన్నవాళ్ళ పౌరసత్వం రద్దు చేయొచ్చు. అందరికీ వర్తించేలా రాశారు గానీ, ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో అందరికీ తెలుసు. ఆస్ట్రియా నుంచి, జర్మనీ నుంచి పోలిష్ యూదులు తిరిగొచ్చేస్తారేమోనని భయం.

ఇలాంటప్పుడు పర్యాటకుల్లా అక్కడికి ఎలా వెళ్ళారు, బుద్ధి ఉందా అని నన్ను ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే. మనం ఆ ఏడాదిని చివరి నుంచి చదువుతున్నాం. వాళ్ళు మొదటి నుంచి చదువుకుంటూ వెళ్తున్నారు. జర్మనీ ప్రమాదమని తెలుసు, కానీ పోలండ్‌ జర్మనీ కాదు. బహిష్కారాలూ రాళ్ళు రువ్వడాలూ ఉన్నాయి, వాటి మధ్యే పెళ్ళిళ్ళు, బడులు, ఎన్నికలు, ఫుట్‌బాల్ పోటీలు కూడా ఉన్నాయి. నాషెల్స్క్‌లో బొత్తాల ఫ్యాక్టరీ నడుస్తోంది. పైగా అమెరికా నుంచి సొంత ఊరికి వెళ్ళిరావడం అప్పటికి అలవాటైన పని. న్యూయార్క్‌లో ప్రతి ఊరికీ ఒక సంఘం ఉండేది. ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ళు చందాలు పోగేసి సినగాగ్ మరమ్మతుకో, పేదపిల్లల చదువుకో పంపేవాళ్ళు. ఎవరైనా వెళ్తుంటే డబ్బులూ, ఉత్తరాలూ వాళ్ళ చేతికే ఇచ్చేవాళ్ళు. తిరిగొచ్చాక సంఘం సమావేశంలో బొమ్మలు వేసి చూపించాలి కాబట్టి కెమెరాలు. కర్ట్జ్ ఒక్కడే కాదు, ఆ దశాబ్దంలో ఇలా తీసిన రీళ్ళు ఇంకా ఉన్నాయి.

కాబట్టి మూర్ఖత్వం అనను. భయం ఉండి ఉండదా? ఉండే ఉంటుంది. కానీ చుట్టాల ఇంటికి వెళ్ళినప్పుడు భయాన్ని ఎవరు ఫొటో తీస్తారు? ఆ మూడు నిమిషాల్లో బహిష్కారం బోర్డు ఒక్కటి కనబడదు. అలాగని అవి లేవని అర్థం కాదు. చరిత్ర విద్యార్థులకి ముఖ్యంగా చెప్తున్నాను: ఆధారంలో కనబడనిది లేనట్టు రాయకండి.

ఇంకో కుటుంబం గురించి కొద్దిగా చెప్తాను. అదే ఆగస్టు. ప్యారిస్‌లో పదిహేడేళ్ళ కుర్రాడు, హెర్షెల్ గ్రిన్‌ష్పాన్. వీడూ చుట్టాలింటికి వచ్చినవాడే. జర్మనీలోని హానోవర్ నుంచి చిన్నాన్న దగ్గరికి వచ్చాడు. పుట్టింది జర్మనీలో, పౌరసత్వం పోలండ్‌ది. జర్మనీకి తిరిగెళ్ళే అనుమతి గడువు దాటిపోయింది, పాస్‌పోర్టుకీ కాలం చెల్లింది. ఆగస్టులోనే ఫ్రాన్స్ వెళ్ళిపొమ్మని నోటీసు ఇచ్చింది. ఎక్కడికి వెళ్తాడు? చిన్నాన్న దాచిపెట్టాడు. అక్టోబరు చివర్న జర్మనీ దాదాపు 17 వేల మంది పోలిష్ యూదుల్ని రాత్రికి రాత్రి రైళ్ళెక్కించి సరిహద్దులో దింపేసింది. మార్చిలో చేసిన చట్టం పుణ్యమా అని పోలండ్ వాళ్ళని లోపలికి రానివ్వడానికి మొరాయించింది. వేలమంది జ్బోన్షిన్ అనే సరిహద్దు ఊళ్ళో, గుర్రాల శాలల్లో, చలిలో. వాళ్ళలో హెర్షెల్ అమ్మా నాన్నా అక్కా ఉన్నారు. నవంబరు మొదట్లో అక్క రాసిన పోస్టుకార్డు ప్యారిస్ చేరింది. నవంబరు 7న వాడు జర్మన్ రాయబార కార్యాలయానికి వెళ్ళి ఒక అధికారిని కాల్చాడు. దాన్ని సాకు చేసుకుని జర్మనీలో యూదుల మీద జరిగిందే నవంబరు 9, 10 తేదీల విధ్వంసం, అద్దాలు పగిలిన రాత్రి అంటారు. వాణ్ణి దాచినందుకు చిన్నాన్నకీ పిన్నికీ జైలుశిక్ష పడింది.

ఒకే నెల, రెండు కుటుంబాలు. ఒకళ్ళు అమెరికా పాస్‌పోర్టు చూపించి సరిహద్దులు దాటి, బొమ్మలు తీసుకుని, సెప్టెంబరుకల్లా ఇంటికొచ్చేశారు. ఇంకొకడు సొంత చిన్నాన్న ఇంట్లో దొంగలా దాక్కున్నాడు. తేడా చేతిలో ఉన్న కాగితంలో ఉంది. ధనం, తెలివి, ధైర్యం అంటారు గానీ, డేవిడ్ కర్ట్జ్‌కి నాలుగేళ్ళ వయసులో ఏ తెలివి ఉంది చెప్పండి? ఇంట్లోవాళ్ళు 1892లో ఓడెక్కించారు. ఆ ఏడాదే న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచారు. అప్పటికి యూరప్ వాళ్ళకి కోటాలు లేవు. ఆరోగ్యం బాగుండి, అడుక్కుతినే రకం కాదనిపిస్తే రానిచ్చేవాళ్ళు.

1924లో ఆ తలుపు మూశారు. యూరప్‌లో ప్రతి దేశానికీ ఒక కోటా. 1938 నాటికి పోలండ్‌కి ఏడాదికి 6,524. అది యూదులకి మాత్రమే కాదు, పోలండ్‌లో పుట్టిన అందరికీ కలిపి. పోనీ అన్నీ యూదులకే ఇచ్చారనుకోండి, 33 లక్షల మంది వెళ్ళడానికి ఐదు వందల ఏళ్ళు పడుతుంది. లెక్క మీరే వేసుకోండి.

ఇక్కడ ఒక్క నిమిషం మన సంగతి. అదే 1924 చట్టం మనల్ని అసలు కోటా కూడా లేకుండా బయట పెట్టింది. పౌరులయ్యే అర్హత లేని జాతుల వాళ్ళు రాకూడదంది. భారతీయులకి ఆ అర్హత లేదని అమెరికా సుప్రీంకోర్టు 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో చెప్పేసింది. 1946లో దయతలచి ఏడాదికి వంద మందిని రమ్మన్నారు. మన తెలుగువాళ్ళ అమెరికా కథ చాలావరకు 1965లో ఆ కోటాల పద్ధతి ఎత్తేశాక మొదలైందే. ఇవాళ గ్రీన్‌కార్డు క్యూల గురించి ఇళ్ళల్లో ఎంత టెన్షన్ పడుతున్నామో, దాని వేళ్ళు అక్కడున్నాయి. సరే, పోలండ్‌కి వెళ్దాం.

(ఈ దశలో సభలోంచి ఒక అమ్మ అడిగారు: “మరి అమెరికా నుంచి వెళ్ళినవాళ్ళు తమ వాళ్ళనైనా వెంట తీసుకురావచ్చు కదండీ?”)

అడిగారు, బాగుందమ్మా. నేను చివర్లో చెప్దామనుకున్నాను, ఇప్పుడే చెప్పేస్తా. అప్పట్లో అమెరికా పౌరుడు భార్యని, చిన్నపిల్లల్ని కోటాతో పనిలేకుండా తెచ్చుకోవచ్చు. అమ్మానాన్నలైతే కోటా లోపలే, కాకపోతే వరసలో కాస్త ముందు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు, వాళ్ళ పిల్లలు, మేనత్త, మేనమామ, వీళ్ళెవరికీ ప్రత్యేకమైన దారి లేదు. చట్టం లెక్కలో వాళ్ళు చుట్టాలే కారు. పోలండ్ వెళ్ళినవాళ్ళకి అక్కడ మిగిలిన చుట్టాలు ఎవరు? ఎక్కువగా వాళ్ళే. పిన్ని కొడుకులు, బాబాయి మనవలు.

వరసలో నిలబడినా సరిపోదు. అమెరికాలో ఉన్న చుట్టం అఫిడవిట్ రాసివ్వాలి. ఈ మనిషిని నేను పోషిస్తాను, ప్రభుత్వం మీద భారం కానివ్వను అని. దానికి బ్యాంకు ఉత్తరం, జీతం రుజువు, కట్టిన పన్ను కాగితాలు. ఎదురుగా కూర్చున్న కాన్సులేట్ ఆయనకి ఇవి చాలవనిపిస్తే చాలవంతే, అప్పీలు లేదు. మాంద్యం రోజులు మరి, బ్రూక్లిన్‌లో దర్జీ పని చేసుకునేవాడు తన కుటుంబం కాక ఇంకో ఐదుగురిని పోషించగలనని రుజువు చూపించడం తేలికా? చూడ్డానికి వచ్చిన అమెరికా చుట్టాన్ని పక్కకి పిలిచి అడిగే మాట ఆ రోజుల్లో ఇదే ఉండేది, అఫిడవిట్. కెమెరా ముందు నవ్విన ముఖాల్లో ఎంతమంది ఆ మాట అడిగి ఉంటారో, మూకీ కాబట్టి మనకి వినబడదు.

పాలస్తీనా ఉంది కదా అనకండి. అది బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉంది. 1939 మేలో ఐదేళ్ళకి 75 వేల మంది, తర్వాత అరబ్బుల అనుమతి లేకుండా ఒక్కరూ రాకూడదని శ్వేతపత్రం తెచ్చారు. అదే నెల హాంబర్గ్ నుంచి సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మందితో క్యూబా వెళ్ళింది. 28 మందిని దిగనిచ్చారు. అప్పటికే హవానా చేరిన భర్తలు, తండ్రులు చిన్న పడవలేసుకుని ఓడ చుట్టూ తిరిగారు, డెక్కు మీద ఉన్న పెళ్ళాం బిడ్డల్ని పేరు పెట్టి పిలుస్తూ. ఓడ వెనక్కి యూరప్ వచ్చేసింది. తిరిగొచ్చినవాళ్ళలో 254 మంది తర్వాత నాజీల చేతుల్లో పోయారు.

నాషెల్స్క్ విషయం త్వరగా చెప్పేస్తాను, సాగదీయడం నాకిష్టం లేదు. 1939 సెప్టెంబరు 1న యుద్ధం. ఆ ప్రాంతాన్ని జర్మనీ తనలో కలిపేసుకుంది, యూదులు లేకుండా చేయాలనుకుంది. డిసెంబరు 3న ఊళ్ళో యూదులందర్నీ బయటికి లాగి, కొరడాలతో కొడుతూ బురదలో స్టేషన్‌కి నడిపించి, రైళ్ళలో తూర్పుకి తోలేశారు. 1942లో ఎక్కువమంది ట్రెబ్లింకా అనే నాజీల మారణ శిబిరంలో చనిపోయారు. ఆ ఊళ్ళో యూదులు సుమారు మూడు వేలు. యుద్ధం తర్వాత మిగిలింది వంద కంటే తక్కువ. సినిమా తీసింది ఆగస్టులో, ఊరు ఖాళీ అయింది మరుసటి ఏడాది డిసెంబరులో. మధ్యలో పదహారు నెలలు.

ఈ రీలు ఏమైందంటే, బ్రూక్లిన్‌ ఇంట్లోంచి అల్మారాలు మారుతూ ఫ్లారిడా చేరింది. ఎనభైల్లో ఎవరో వి.హెచ్.ఎస్. కాపీ తీయించారు. 2009లో మనవడు గ్లెన్ కర్ట్జ్ చూశాడు. అప్పటికి అసలు రీలు ముడుచుకుపోయి చెడిపోతోంది. పాత అసిటేట్ ఫిల్మ్ కుళ్ళితే వెనిగర్ వాసన వస్తుంది, దానికి మందు లేదు. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంకి, అంటే నాజీలు యూదుల్ని సామూహికంగా చంపిన చరిత్రని భద్రపరిచే చోటికి, ఇచ్చాడు, వాళ్ళు ల్యాబులో బాగుచేయించారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది: ఇది ఏ ఊరు? రీలు మీద పేరు రాయలేదు. మొదట నాయనమ్మ లీజా వాళ్ళ ఊరేమో అనుకున్నారు, అది ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉంది. కాదని తేలింది. చివరికి పట్టించింది ఆ సినగాగ్ తలుపు మీది సింహాలు. నాషెల్స్క్ సినగాగ్ తలుపులతో సరిపోయాయి. ఒక్కో ఫ్రేమూ భూతద్దం పెట్టి చూశారు. చదవడానికి వీల్లేకుండా అలుక్కుపోయిన కిరాణా కొట్టు బోర్డు మీద అక్షరాలు లెక్కపెట్టారు. చెట్లేమిటో, నీడ ఎటు పడుతోందో చూశారు. మనవాళ్ళు శాసనాలు చదివేటప్పుడు పడే తంటాలే ఇవన్నీ. నాకు ఈ భాగమంటే మహా ఇష్టం, ఆపకపోతే సాయంత్రం దాకా చెప్తాను.

సినిమాలో నూట యాభైకి పైగా ముఖాలున్నాయి. ఒక్కటికీ పేరు లేదు. మ్యూజియం దాన్ని వెబ్‌సైట్‌లో పెట్టింది. 2011లో అమెరికాలో ఒక మనవరాలు చూస్తూ చూస్తూ ఆగిపోయింది. ఆ గెంతుతున్న పిల్లల్లో పదమూడేళ్ళవాడు అచ్చం వాళ్ళ తాతయ్యలా ఉన్నాడు. తాతయ్యే. ఎనభై దాటిన పెద్దాయన, బతికే ఉన్నారు. పోలిష్ క్రైస్తవుడిగా దొంగ కాగితాలతో పొలాల్లో పనిచేసి యుద్ధం గడిపారు. చూడండి, మళ్ళీ కాగితమే. ఆయన కూర్చుని, వీడు నా స్నేహితుడు, ఈయన ఫలానా, ఈ కొట్టు ఫలానా వాళ్ళది అని చెప్పడం మొదలుపెట్టారు. మూకీకి మాటలొచ్చాయి. 2014లో ఆ ఊరివాళ్ళ వారసులు కొందరు రకరకాల దేశాల నుంచి కలుసుకుని నాషెల్స్క్ వెళ్ళొచ్చారు. ఈసారి చూడ్డానికి అక్కడ చుట్టాలు లేరు.

(“అందరి పేర్లూ తెలిశాయా సార్?” అని ఒక విద్యార్థి.)

లేదు బాబూ. కొద్దిమందివే తెలిశాయి. చాలా ముఖాలు ముఖాలుగానే ఉండిపోయాయి. ముఖ్యంగా ఆడపిల్లలవి. అప్పటి కాగితాల్లో ఇంటి పెద్ద పేరు దొరుకుతుంది, దుకాణం యజమాని పేరు దొరుకుతుంది, గుమ్మం దగ్గర నిలబడ్డ జడలమ్మాయి పేరు ఎవరు రాస్తారు?

(“డేవిడ్ గారికి తెలుసా, తను తీసింది ఇంత పెద్ద ఆధారం అవుతుందని?”)

ఎలా తెలుస్తుంది? ఆయనకది యాత్ర రీలు. స్విట్జర్లాండ్ కొండలూ అదే పెట్టెలో ఉన్నాయి. అందుకే మీ ఇళ్ళల్లో ఉన్న పాత క్యాసెట్లు పారేయకండి అని నీతి చెప్తాననుకుంటున్నారేమో, చెప్పను. వాటిలో సగం పెళ్ళి భోజనాలే, నాకు తెలుసు. (నవ్వులు)

ఈ సినిమా మ్యూజియం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. శబ్దం ఉండదు, ఫోను పాడైందనుకోకండి. మొదటిసారి ఆపకుండా చూడండి, రెండోసారి ఒక్క మనిషిని పట్టుకుని చూడండి. టీ వచ్చినట్టుంది. మిగతా ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.